మంజీర అవతలి గట్టుకి తుల్జమ్మతో

నేను కరెంటు ఆఫీసులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైన రోజు మా సెక్షన్ వాళ్లంతా కలిసి నాకో టెంటు కొనిచ్చారు. "ఎప్పుడు చూసినా అడవులు, నదులు అంటవు గద, ఇగ పో" అన్నారు. ఆ టెంటు రెండేళ్లు మా ఇంటి సజ్జ మీదే పడుంది. మొన్న దీపావళికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ విజయ దాన్ని కిందికి దించి, "డిసెంబర్ల దీన్ని వాడుదమా, లేకుంటే ఎవరికన్న ఇచ్చేద్దమా? ఏదో ఒకటి చెప్పుండ్రి" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

బోరంచ పేరు మా కింది వాటాలో ఉండే టీచరమ్మ చెప్పింది. ఆమెది నారాయణఖేడ్. అక్కడికి దగ్గర్లోనే బోరంచలో నల్లపోచమ్మ గుడి ఉందని, గుడిని ఆనుకుని మంజీర పారుతుందని, సింగూరు ఆనకట్ట నీళ్లు వెనక్కి తన్ని నిలబడడంతో చలికాలంలో ఆ గట్టు చూడాల్సిందేనని అంది. నేను కాగితం మీద బస్సుల వేళలు రాసుకున్నాను. అది నా పాత అలవాటు.

శనివారం పొద్దున ఏడూ ఇరవైకి పటాన్‌చెరులో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. విజయకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్, నాకు మామూలు టికెట్. సంగారెడ్డి దాటేసరికి పొగమంచు విడిచి ఎండ వచ్చింది. జోగిపేటలో పది నిమిషాలు ఆపితే చాయ్ తాగాం. అక్కడ ఎక్కిన ఒక రైతు మందు కొట్టే పంపు ఒళ్లో పెట్టుకుని మా పక్క సీట్లో కూర్చున్నాడు. పైన పెట్టిన మూట ఏమిటని అడిగాడు. గుడారమని చెప్పాను.

"ఇల్లు లేదా సార్ మీకు?"

"ఉంది."

"ఇల్లుండంగ గుడారమేంది మల్ల?"

విజయ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నిజాంపేట దగ్గర హైవే వదిలి, పది నలభైకి నారాయణఖేడ్ చేరాం. బస్టాండు బయటే ఒకామె జొన్నరొట్టెలు కొడుతోంది. చేతి దెబ్బలు రోడ్డు అవతలికి వినపడుతున్నాయి. చెరో రెండు రొట్టెలు, పుంటికూర, పచ్చిమిరపకాయ తొక్కుతో తిన్నాం. ఆ తర్వాత తొందరేం లేదు కాబట్టి మార్కెట్‌లో తిరిగాం. కొత్త కందులు కుప్పలుగా పోసి ఉన్నాయి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ మూడు భాషలు కలిపి బేరం చేస్తున్నారు. ఒకే మనిషి ధర ఉర్దూలో చెప్పి, తెలుగులో ఒట్టేసి, కన్నడంలో పక్కవాణ్ని తిడుతున్నాడు. టమాటాలు, ఉల్లిగడ్డలు, ఒక కట్ట కొత్తిమీర, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కొన్నాం. ఒంటిగంటకు షేర్ ఆటో దొరికింది. మనూరు మీదుగా బోరంచ చేరేసరికి మూడు దాటింది.

గుడి ముందు కొబ్బరికాయల దుకాణం నడిపే ఆమె, ఎక్కడ దిగాలో తెలియక మేము అటూ ఇటూ చూస్తుంటే తనే పిలిచింది. నీళ్లకు కాస్త ఎగువన వాళ్ల తమ్ముడి చెలక ఉందని, జొన్న ఇంకా కోయలేదు గానీ గట్టు మీద జాగా ఉందని చూపించింది. టెంటు నిలబెట్టడానికి మాకు గంటన్నర పట్టింది. పుస్తకంలో పదిహేను నిమిషాలని రాసి ఉంది.

ఇక ఆదివారం. నేను రాయాలనుకున్నది ఆ ఒక్క రోజు గురించే.

ఆరుంబావుకు లేచేసరికి నది కనపడలేదు. మంచు అంతా తెల్లగా కమ్మేసింది. స్టవ్ మీద చాయ్ కాచుకుని, దుప్పట్లు కప్పుకుని, గట్టున కూర్చున్నాం. ఏడున్నరకు మంచులోంచి మొదట కొంగలు బయటపడ్డాయి, ఆ తర్వాత ఒక పుట్టి, దాన్లో నిలబడి వల తీస్తున్న మనిషి. వెదురుతో గుండ్రంగా అల్లి అడుగున తారు పూసిన పడవను ఇక్కడ పుట్టి అంటారు. చిట్టచివరికి అవతలి గట్టు, దాని మీద ఒక ఊరు తేలాయి. తెల్ల గోడలు, రెండు వేపచెట్లు, ఒక సెల్‌ఫోన్ టవరు. అరిస్తే వినపడుతుందేమో అనిపించేంత దగ్గర.

వల తీస్తున్నతని పేరు నర్సింలు. యాభై ఏళ్లుంటాయి. ఒడ్డుకొచ్చాక మా చాయ్ తాగి, కాసేపు టెంటు చుట్టూ తిరిగి, మేకులు వదులుగా ఉన్నాయని రాయి తెచ్చి తనే కొట్టిపోయాడు.

తొమ్మిది నుంచి జనం మొదలైంది. ట్రాక్టర్లు, ఆటోలు, బొలెరోలు. మొక్కులున్నవాళ్లు మేకపోతుల్ని దింపుతున్నారు. చెట్ల కింద మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు. మేమూ దర్శనం చేసుకుని, గట్టెంట రెండు మైళ్లు నడిచాం. పత్తి చేలు, కంది, మధ్యలో సెనగ. ఒకచోట పచ్చి కందికాయ ఉప్పేసి ఉడకబెట్టుకుంటున్న కూలీలు మాకు చారెడు పెట్టారు. విజయ చెప్పులు చేతపట్టుకుని నీళ్ల అంచున నడిచింది. నేను పొద్దుట్నుంచి గడియారం నాలుగుసార్లే చూశానని లెక్కపెట్టి చెప్పింది.

టెంటు దగ్గరికి తిరిగొచ్చేసరికి పన్నెండు. అన్నం వండి టమాటా పప్పు తిన్నాం. నేను లోపల నడుం వాల్చాను. ఒకటింబావుకు టెంటు గుమ్మంలోంచి ఒక ముసలి ముఖం లోపలికి వంగింది.

"ఎవరన్న ఉన్నరా లోపల?"

అలా వచ్చింది తుల్జమ్మ. డెబ్బై పైనే ఉంటుంది. పసుపు రాసిన ముఖం, నుదుటి నిండా గుడిలో పెట్టిన బండారు, చేతిలో కట్టె. విజయ మా మడతకుర్చీ వేస్తే కూర్చుని కుడికాలు ముందుకు చాచుకుంది. నీళ్లు తాగింది. కంగ్టి దగ్గర వాళ్ల ఊరట. మొక్కు తీర్చుకోడానికి ఇంటిల్లిపాదీ పొద్దున ఒక ఆటో, ఒక బొలెరో కట్టుకుని వచ్చారట. తిని, గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయారట.

"మరి నువ్వేంది అవ్వా, ఇక్కడున్నవ్?" అంది విజయ.

"ఆటోల ఎక్కినోళ్లు బొలెరోల ఉన్నదనుకున్నరు. బొలెరోల ఎక్కినోళ్లు ఆటోల ఉన్నదనుకున్నరు."

నేను గబగబా లేచి కూర్చున్నాను. తప్పిపోయిన మనిషి, కాలు బాగాలేదు, ఇంటివాళ్లు ఎంత కంగారు పడుతుంటారో. నంబరు చెప్పమని ఫోన్ తీశాను. ఆమె నాకేసి చూసి, మెల్లగా అంది.

"తప్పిపోలె బిడ్డా. తప్పించుకున్న."

గుడి వెనకాల గోడ పక్కన అరుగు మీద కూర్చుందట, రెండు బళ్లూ కదిలేదాకా. ఆకువక్క తిత్తి విప్పి, రెండు ఆకులు తీసి, అవతలి గట్టు మీది ఊరివైపు చెయ్యి చూపించింది.

"అది మా చెల్లె ఊరు. అంబవ్వ. రెండేండ్లాయె నాతోని మాట్లాడక."

అంబవ్వ భర్త రెండేళ్ల కింద వానాకాలంలో చనిపోయాడు. అక్క వస్తుందని వాళ్లు ఎదురు చూశారు. అక్క రాలేదు. కర్మలకూ రాలేదు. ఆ తర్వాత తుల్జమ్మ ఫోన్ చేయిస్తే చెల్లెలు ఎత్తలేదు. రోడ్డెంట పోవాలంటే వంతెన మీదుగా చుట్టూ తిరిగి మూడు బస్సులు మారాలి. కొడుకు సంగప్ప హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేస్తాడు. ఊరికి వచ్చేది ఏడాదిలో పది రోజులు. అడిగినప్పుడల్లా "వచ్చేసారి తీస్కపోత అమ్మా" అంటాడు. వచ్చేసారికి ఇంకేదో పని.

"పొద్దున గుడికాడ నిలవడితే ఆమె ఊరి చెట్లు కండ్లవడ్డయ్. నేను చిన్నగున్నప్పుడు ఎండాకాలం గీ ఏరు నడిసి దాటుతుంటిమి. ఇప్పుడు సముద్రమాయె. గా పుట్టాయనకు చెప్పు బిడ్డా. నన్ను దాటియ్యుమను."

నేను ససేమిరా అన్నాను. ముందు ఫోన్, ఆ తర్వాతే ఏదైనా అన్నాను. ఆమె తిత్తి మూతి బిగించి పట్టుకుంది. నంబరు రాసిన చీటీ దాన్లోనే ఉంది.

"ఫోన్ జేస్తే వాడొచ్చి నన్ను బండిల ఏస్కపోతడు. గంటసేపన్న పరేషాన్ గానియ్యి."

"అవ్వా, అది తప్పు" అంది విజయ ఆమె పక్కన కింద కూర్చుంటూ. "కొడుకు ఏడుస్తుంటడు. నువ్వు చీటీ ఇయ్యి. నేను మాట్లాడత. దాటిచ్చే జిమ్మ నాది."

ఆమె తిత్తి మూతి విప్పి చీటీ తీసిచ్చింది.

ఒకటీ నలభైకి ఫోన్ కలిసింది. సంగప్ప నారాయణఖేడ్‌లో ఉన్నాడు. బండ్లు రెండూ అక్కడ ఆగినప్పుడే సంగతి తెలిసిందట. "అక్కడనే కూసోబెట్టున్రి మేడం, కాళ్లు మొక్కుత. బండి తీస్కొని నాలుగింటికల్ల వస్త" అన్నాడు. విజయ ఏదీ దాచలేదు. మీ అమ్మ చెల్లెల్ని చూడాలంటోంది, మేము వెంట ఉండి పుట్టిలో తీసుకుపోయి తీసుకొస్తాం, నువ్వు నిదానంగా రా అంది. దానికతను అన్నాడు, "మా అమ్మకు ఈత రాదు మేడం."

"నాకూ రాదు తమ్మీ" అంది విజయ.

నర్సింలు ముందు ఒప్పుకోలేదు. ముసలావిడ కాలు చూశాడు, ఆకాశం చూశాడు. "నాలుగు దాటితే గాలి లేస్తది. గాల్లేసేలోపట ఇటు వచ్చుడే. పుట్టిల ఎవరు లేసి నిలవడొద్దు" అన్నాడు. నేను నీళ్ల క్యానులో మిగిలినవి గిన్నెల్లోకి ఒంపి, మూత బిగించి, ఏమైనా అయితే ఇది పట్టుకో అని విజయ చేతికిచ్చాను. రెండింటికి బయల్దేరాం. తుల్జమ్మను నేనూ నర్సింలూ రెండు భుజాలు పట్టి ఎక్కించి, కాలు చాచి కూర్చోబెట్టాం. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగి దారిన పడింది. నీళ్లు కడుపు కింద పలచగా కదులుతుంటే కాళ్లకు తెలుస్తుంది. మధ్యలోకి వచ్చాక తుల్జమ్మ చెయ్యి నీళ్లలో పెట్టి, "గీడనే ఒక బండ ఉండె. దాని మీద కూసోని ఇద్దరం కాళ్లు తోముకుంటుంటిమి" అంది. ఎంత లోతులో ఉందో ఆ బండ. నర్సింలు తెడ్డు ఆపకుండా, "ఇప్పుడు రెండు తాటిచెట్ల లోతు" అన్నాడు.

ఇరవై అయిదు నిమిషాల్లో ఒడ్డు చేరాం. అంబవ్వ ఎక్కడుంటుందని అడిగితే ఒకామె ఒడ్డు పక్కనే ఉన్న సెనగ చేను చూపించింది. అక్కడ ఒకావిడ వంగి కూరకు సెనగాకు తుంచుతోంది. అక్కకన్నా సన్నగా ఉంది. మేం చేని గట్టు మీదే ఆగాం. తుల్జమ్మ కట్టె పోటేసుకుంటూ సాళ్ల మధ్య నడిచి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"అంబవ్వా."

ఆమె తలెత్తలేదు. "ఎవరు?"

"నేను. అక్కను."

తుంచుతున్న చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. "నాకు అక్క లేదు. నా మొగన్ని ఎత్తిన నాడే లేకపాయె."

తుల్జమ్మ కట్టె మీద బరువు మోపుకుంది. అలాగే ఎండలో నిలబడింది. ఎంతసేపో. విజయ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి అంబవ్వే, ఇంకా కిందికే చూస్తూ, కసురుతున్నట్టు అంది.

"ఎండల నిలవడ్డవేంది? కూసో."

"కూసోరాదే."

"ఎందుకు రాదు?"

అప్పుడు తుల్జమ్మ చీర మోకాలి పైకి లాగింది. మోకాలి నుంచి తొడ మీదికి పొడుగ్గా కుట్ల మచ్చ. "రాడ్ ఏసిన్రు. నీ మొగుడు పోయిన నాడు బీదర్ దవాఖానల మంచం మీద ఉన్న. ఆయన పోయిండని నాకు పదిహేనొద్దుల తర్వాత చెప్పిన్రు."

అంబవ్వ తలెత్తింది. మచ్చను చూసింది, అక్క ముఖం చూసింది.

"నాకెవడు చెప్పిండు నీ కాలిరిగిందని?"

"దుఃఖంల ఉన్నవ్, ఇదొకటి ఎందుకని చెప్పలేదట మా సంగడు. తర్వాత ఫోన్ జేస్తే నువ్వు ఎత్తకపోతివి."

"తోవ పొంటి సూసిన అక్కా. ఎత్తేదాక సూసిన. అందరొచ్చిన్రు." ఒళ్లోని ఆకంతా నేల మీద పడిపోయింది. ఆమె మోకాళ్ల మీదే ముందుకు జరిగి, తడి వేళ్లతో ఆ మచ్చను మెల్లగా తాకింది. "నొస్తదా?"

"చలికాలం నొస్తది."

ఇద్దరూ ఏడ్చారు. చప్పుడు లేకుండా కాదు, పెద్దగానే. మేము మరోవైపు తిరిగి నిలబడ్డాం. మూడు దాటి అయిదు నిమిషాలకు ఒడ్డు నుంచి నర్సింలు కేకేశాడు. గాలి మొదలైంది, పోదాం పోదాం అని. తుల్జమ్మ కళ్లు తుడుచుకుని, ఇగ పోత చెల్లె, కొడుకు వస్తున్నడంది. అంబవ్వ లేచి చీర కొంగు దోపుకుంది.

"ఉండు. ఇంటికి తాళమేసి వస్త."

"నువ్వెక్కడికే?"

"సంగన్ని అడుగుత. చిన్నమ్మకు చెప్పొద్దని ఎవడు నేర్పిండో అడుగుత. నాలుగొద్దులు నీకాడ ఉంట."

పది నిమిషాల్లో చేతిసంచీతో వచ్చేసింది. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నర్సింలు పుట్టిలోకి ఒకసారి, మా నలుగురి వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. గాలి ఉంటే అంత బరువు వద్దన్నాడు. నేను ఉండిపోతానన్నాను. విజయ వద్దంది. ఆ ఇద్దరు ముసలివాళ్లను దించడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. విజయ క్యాను పట్టుకుని ఎక్కింది.

అలా నేనొక్కణ్నే అవతలి గట్టున మిగిలాను. పుట్టి చిన్నదవుతూ పోయింది. గాలికి నీళ్లు గళ్లుగళ్లుగా లేస్తున్నాయి. ఒకటి రెండుసార్లు పుట్టి అలల వెనక మాయమై మళ్లీ తేలింది. మా పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. ఆమె నీళ్ల మీద ఉండి నేను గట్టు మీద నిలబడడం అదే మొదటిసారి. సంగప్ప నారాయణఖేడ్ నుంచి వస్తూ దారంతా ఏం అనుభవిస్తున్నాడో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది.

మూడూ నలభై అయిదుకు పుట్టి అటు తగిలింది. అప్పటికే ఒడ్డున తెల్లచొక్కా ఒకటి ఆత్రంగా అటూ ఇటూ తిరుగుతోంది. మాటలు వినపడవు, చేతులే కనపడుతున్నాయి. తెల్లచొక్కా పుట్టి దాకా నీళ్లలోకి పరుగెత్తింది. ముందు దిగిన చీర చెయ్యెత్తి ఏదో అంటోంది. అంతలో తెల్లచొక్కా నీళ్ల అంచునే కూలబడింది. మిగతావాళ్లు దాని మీదికి వంగారు. అందరూ ఒకే ముద్దగా కనపడుతున్నారు, ఎవరూ కదలడం లేదు. ఆ తర్వాత ఆ ముద్దలోంచి ఆకుపచ్చ చీర విడివడి నావైపు చెయ్యి ఊపింది. విజయ. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను.

అక్కడేమైందో ఆమె తర్వాత చెప్పింది. సంగప్ప తల్లిని తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడట. అతను నోరు తెరిచేలోపే అంబవ్వ, "నా అక్క కాలిరిగితే నాకు చెప్పవారా?" అని అందుకుందట. అతను "తప్పయింది చిన్నమ్మా" అని అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. "గీ రెండు గంటలు నా పానమంత నీళ్లల్లనే ఉండె అమ్మా" అన్నాడట. అది విన్నాక తుల్జమ్మ ముఖం మొదటిసారి చిన్నబోయిందని, "ఇంకోసారి చెప్పి తప్పించుకుంట తీయ్ బిడ్డా" అని అతని తల తన కడుపుకు ఆనించుకుందని చెప్పింది.

నాలుగున్నరకు నర్సింలు నా కోసం తిరిగి వచ్చాడు. అలలు పెరిగాయి. మోకాళ్ల దాకా తడిశాను. "ఇసుంటి కిరాయి నాకెన్నడు రాలె సార్" అన్నాడు. నేను ఒడ్డు చేరేసరికి అందరూ టెంటు ముందు చాయ్ తాగుతున్నారు. సంగప్ప లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అయిదున్నరకు వాళ్లను బండెక్కించాం. ఈసారి అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వెనక సీట్లో ఉన్నారని సంగప్ప తలుపు తీసి మరీ చూసుకుని స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

సోమవారం పొద్దున టెంటు మడిచి, తొమ్మిదింటి ఆటోకి నారాయణఖేడ్ వచ్చి, పదిన్నర బస్సు పట్టుకున్నాం. పోదలచుకున్నవాళ్లకు నాలుగు మాటలు. పటాన్‌చెరు నుంచి బస్సులకు కొదవ లేదు. నారాయణఖేడ్‌లో జొన్నరొట్టె తిని ఆటో ఎక్కండి. బోరంచలో ఆదివారం జనం ఎక్కువ, ప్రశాంతం కావాలంటే మధ్యవారం పోండి. టెంటు వేసే ముందు చేను ఎవరిదో అడగండి. పుట్టి ఎక్కాలంటే మధ్యాహ్నం లోపే ఎక్కండి, పుట్టివాడి మాట వినండి.

అక్కడ చూడడానికి ఏముందని వచ్చాక చాలామంది అడిగారు. గుడి ఉంది, నీళ్లున్నాయి, చేలున్నాయి. చూడ్డానికి ఒక పూట చాలు. కానీ ఏ పనీ పెట్టుకోకుండా రోజంతా ఒక గట్టున కూర్చునే మనిషి దగ్గరికి, చెయ్యి సాయం కావలసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఇన్నేళ్లూ ఎప్పుడూ ఎక్కడికో పోతూ ఉన్నాను కాబట్టే, నా దగ్గరికి అలా ఎవరూ వచ్చి ఉండరు.

జోగిపేట దాటుతుంటే ఫోన్ మోగింది. సంగప్ప. ఇల్లు చేరారా అని అమ్మ అడగమందన్నాడు. ఇంకా దారిలో ఉన్నామని చెబుతుంటే అతని వెనకాల ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మాట మీద ఒకరు గట్టిగా మాట్లాడుకోవడం వినపడింది.

"పొద్దుట్నుంచి గట్లనే సార్. కూరల ఉప్పు గురించి" అన్నాడు. "మాటకు మాట. ఒక్కరు తగ్గుతలేరు."

అలసిపోయిన గొంతు. కానీ నవ్వుతున్నాడని తెలుస్తోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి విజయ చెవి దగ్గరికి జరిపాను. ఇద్దరం తలలు దగ్గర పెట్టుకుని, సిగ్నల్ పోయేదాకా ఆ కొట్లాట వింటూ కూర్చున్నాం.